అసలు టేకు

పెన్షనొచ్చిన రెండో నెల,
మే ఎండకు రామగిరి డాబాలు కుతకుత ఉడుకుతున్న పొద్దు
అద్దంబల్లను వాకిట్లకు గుంజిన.
"ఏందది?" అన్నది పుష్పలీల, చింతపండు గింజలు తీసుకుంట.
"రంగులన్ని గీకేస్త. లోపట అసలు టేకు ఉన్నది."
ఆమె ఏమనలె.
ఒక గింజ దూరం విసిరింది.

తొంభై రెండుల జుమ్మేరాత్ బజార్ల కొన్న.
బస్సు టాపు మీద తాళ్ళేసి కడితే
చౌటుప్పల్ దాటంగనే వాన.
నార్కట్‌పల్లి దాక దాని మీద నా కొత్త దుప్పటి.
ఇంటికొచ్చినోళ్ళందరికి గణుపులతోటి కొట్టి వినిపించిన:
"చూడు, టేకు. నిజాం నాటిది."

అన్నిటికంటె మీద వెండిరంగు.
స్తంభాలకేసి మిగిలిన డబ్బ, నేనే తెచ్చి పూసిన.
ఒక ఏడాదంత మా అర్రల
చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నిలబడ్డట్టుండె.
దాని కింద నీలం. నీలం కింద
ఎవరి ఇంటిదో తెల్వని ఇటుకరంగు.
రిమూవరు పూస్తే అన్ని కలిసి
కాగిన పాల మీద మీగడ లెక్క ముడుత పడ్డయి.
లప్పంపట్టీతోటి తోస్తుంటె
చెయ్యి చుర్రుమన్నది, కండ్లు మండినయి,
పక్కింటి కోడిపెట్ట సుత గోడ దిగి పోయింది.

తడిగుడ్డ పెట్టి తుడిస్తే తేలినయి గీతలు,
సాగరు నీళ్ళు దిగినంక
బురద మీద మిగిలిన వరసల లెక్క.
చెంబు పెట్టినకాడ మా బోరునీళ్ళ తెల్ల చుట్టు.
అదొక్కటి ఎంత రుద్దినా పోలె.

పాలిష్ జాంగీరు ముందే చెప్పిండు:
"అంచుకాడ చెయ్యి తేలికుంచు, అన్నా."
ముప్పయ్యేండ్లు స్తంభాలెక్కినోణ్ణి, వింటనా?
గరుకు కాయితం చుట్టి బలమంత పెట్టిన.
గుమ్మడిగింజంత తెల్ల మచ్చ లేసింది.
దుమ్మేమో అనుకొని ఇంక రుద్దిన.
అరచెయ్యంత అయింది.

టేకు అయిపోయింది.
గోరుమందం సుత లేదు, ఉల్లిపొరంత.
పొర కింద సరేసు, పాతచెప్పుల వాసన,
సరేసు కింద మామిడిచెక్క.

ఎండల అట్లనే గొంతుక్కూసున్న.
పుష్పలీల వచ్చి చూసింది. "తెలిసిందా?"
"నీకెప్పుడు తెలుసు?"
"తెచ్చిన మర్నాడే. ఊడ్చేటప్పుడు ఒక్కచేత్తోటి జరిపిన.
టేకయితే నాకు జరుగుతదా?"
"మరి చెప్పకపోతివి?"
"మా అన్నకు చెప్పుకుంట గణుపులు కొడుతుంటివి,
నడుమల ఎట్ల ఆపుతా?"
కొంచెం ఆగి అన్నది:
"తేలికగుండె. నాకు మంచిగనే ఉండె."

మళ్ళ వెండిరంగు కొట్టేద్దామనుకున్న.
ఆమె లోపలికి పోయి ఇస్త్రీపెట్టె తెచ్చింది.
ఎడమ సొరుగు మీద బుడగలు లేసినకాడ
తడి తువ్వాల పరిచి, మెల్లగ ఒత్తింది,
పట్టుచీర కొంగుకు ఇస్త్రీ చేసినట్టు.
ఆవిరి లేసింది. లోపట ఎన్నడో ఎండిన సరేసు కరిగి
పొర అణిగి పండుకున్నది.
రాత్రికి దాని మీద బియ్యం సంచి.

జాంగీరు చప్డా స్పిరిట్ల నానేసి తెచ్చిండు.
నా పాత బనీన్ల దూది చుట్టి
సున్నలు సున్నలుగ తిప్పితే
టేకు తేనె రంగు తిరిగింది.
మామిడి మచ్చ తిరగలె, పాలిపోయే ఉన్నది.
"సన్న బ్రష్షు తోటి గీతలు గీస్త," అన్నడు,
"ఎవ్వరు గుర్తు పట్టరు."
నేను పుష్పలీల దిక్కు చూసిన.
ఆమె అద్దం తుడుస్తున్నది.
"వద్దు తియ్యి," అన్న, ఎందుకన్ననో.

మొన్న ఆమె అన్న వచ్చిండు పానగల్లు నుంచి.
బల్ల చుట్టు తిరిగి, మచ్చ మీద చెయ్యి పెట్టి
"బావా, ఇది అసలు టేకే గదా?" అన్నడు.
నేను నోరు తెరిసిన.
పుష్పలీల ఒక చేతుల చీపురు పట్టుకొని
ఇంకో చేత్తోటి బల్లను పక్కకు జరిపి
కింద ఊడ్చుకుంట పోయింది.