దక్షిణపు కిటికీ

కిటికీ ఉత్తరానే ఉండాలట, పుస్తకంలో.
"అది భూగోళం పైసగం వాళ్ళకి రాసింది.
మన చిలోయే దీవిలో ఉత్తరపుటెండే మొహాన కొడుతుంది,
దక్షిణం గోడ కొయ్యి" అంది ఎర్సీలియా.
వడ్రంగి బౌతిస్తా రంపం పట్టుకుని
గోడ వంకా ఆమె వంకా చూశాడు.

ఒకప్పుడు పడవలు బాగుచేసిన కొట్టం.
తారు కంపు పోలేదు;
పోనీలే, టర్పెంటైన్‌కి తోడుంటుంది.
పాలడబ్బాల్లో కుంచెలు.
పాత పడవ పక్కటెముకలు రెండు
మేకు కొట్టి నిలబెడితే ఈజిల్.
తెల్లరంగొక్కటే కొత్తది, మూత తియ్యనిది.

"ఏం కనిపిస్తుందని ఇంత కన్నం?"
వాన. వాన వెనక వాన.
ఆ వెనక సముద్రముందని మనమే అనుకోవాలి.

"ఏమీ కనిపించక్కర్లేదు, వెలుతురొస్తే చాలు."

కూలి లెక్కపెట్టుకోకుండానే
స్టూలు మీద కూర్చున్నాడు బౌతిస్తా,
రంపప్పొట్టు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.
ఎవరూ కూర్చోమనలేదు.

ఆమె ట్యూబు మూత తిప్పింది.