ఐదో పేజీ అడుగున

ఈ దేశం ఎంత చిన్నదంటే
కట్టలేసుకుని మూడింటికి పోయిన వ్యాను
ఫజర్ అజా అయ్యేలోపే
దేశమంత పంచి తిరిగొస్తది.

నాది ప్రెస్సుల రాత్రి డ్యూటీ,
మనామా దాటినంక, సిత్రా రోడ్డు మీద.
అరబ్బీ చదువరాదు.
అయినా ఏ వార్త బరువెంతో చెప్తా:
పైన నాలుగు కాలాల ఫోటో,
రెండు సోఫాలు, నడుమ టీపాయి,
చేతులు కలుపుకున్న ఇద్దరు పెద్దమనుషులు.
నిన్న గూడ గదే.
"టీపాయి మీద పూలు మారితే
తారీఖు మారినట్టు" అంటడు
మా సూపర్వైజర్ కురియకోస్, నవ్వకుండ.

పదకొండు దాటుతది. మొదటి పేజీ రాదు.
రోలు ఎక్కిచ్చి, సిరా పోసి, కూసుంటం.
ఏజెన్సీ నుంచి ఇంకా రాలేదట.
ఏజెన్సీ అంటే సర్కారు నోరు.
అది తెరిస్తేనే పేపర్లన్నీ ఒక్కసారి మాట్లాడుతయి,
ఒకడు చెప్తే బడంతా అప్పజెప్పే
ఎక్కాల లెక్క.

క్యాంటీన్ల టీవీ నడుస్తుంటది.
గవే సోఫాలు, ఇప్పుడు కదులుతయి.
మాటలుండయి, వెనక బాజా ఉంటది.
చాయ్ పోసే టేక్ బహదూర్ దాని గొంతు తగ్గిచ్చి
రేడియో పెడ్తడు:
మలయాళం పిల్ల నవ్వుకుంట ట్రాఫిక్ చెప్తది,
హిందీల ఎవరిదో పుట్టినరోజు.
తెలుగుకు ఒకప్పుడు శుక్రవారం అరగంట ఉండెనట,
బంగారం దుకాణపాయన పైసలిచ్చినన్ని రోజులు.
ఎండ నలభై తొమ్మిది, అంటది రేడియో.
మా చెప్పుల కింది లెక్క వేరు.

మీకు తెలుసో లేదో,
ప్లేటు మీది అక్షరం నేరుగ కాగితం మీదికి పోదు.
నడుమ రబ్బరు దుప్పటి ఉంటది.
దాని మీద అంతా తిరగబడ్తది.
గుడ్డ పెట్టి తుడిచేటప్పుడు చూస్త,
అరబ్బీ ఎడమ నుంచి కుడికి నడుస్తుంటది,
మనోళ్ల రాత లెక్క.
ఆ ఒక్క నిమిషం
చదువొచ్చినట్టే అనిపిస్తది.

ఆ రాత్రి ఇంగ్లీషు పేపరు, ఐదో పేజీ,
నాలుగు లైన్లు. కూడబలుక్కున్న.
కట్టే బిల్డింగు మీంచి పడి
ఆసియా వ్యక్తి మృతి.
వయసు ముప్పైలల్ల. విచారణ సాగుతున్నది.

ఆసియా!
ఎంత పెద్ద ఊరురా నీది, నడిపి రాజన్నా.
కోరుట్ల అవతల
బస్సు ఆగని పల్లె అనుకున్నం ఇన్నొద్దులు.

బిల్డింగు పేరు లేదు. కంపెనీ పేరు లేదు.
కంపెనీ పేరు మూడో పేజీల ఉంది,
సగం పేజీ రంగుల ప్రకటన:
సముద్రం చూసే ఇండ్లు, ఇరవై అంతస్తులు,
బాల్కనీల ఒక కుర్చీ, ఖాళీగ.

ప్లేటు దిద్దే పెన్నులు రెండుంటయి.
ఒకటి చెరుపుతది, ఒకటి రాస్తది.
నాలుగేండ్లల్ల చెరిపేవి ఆరు అరిగినయి.
రాసేదాని మూత
ఆ రాత్రే తీసిన.

ఐదో పేజీ అడుగున, అంకె పక్కన,
చీమంత అక్షరాలు మూడు: రాజన్న.
మిషన్ తిరిగింది.
రబ్బరు మీద కుడి నుంచి ఎడమకు నడిచిండు,
అరబ్బు లెక్క, దర్జాగ.
కాగితం మీద పడంగనే మళ్ల మనోడైండు.

కురియకోస్ మొదటి కాపీలు తీసి, అద్దం పెట్టి చూసిండు.
వాళ్లది గూడ గుండ్రాల రాతే.
మరకెట్లుంటదో, పేరెట్లుంటదో
ముప్పై ఏండ్ల చెయ్యికి ఎరుక లేదా?
శానాసేపు చూసిండు.
"మరక పడ్డది, తుడువు" అన్నడు.
మిషన్ ఆపిండు.
చెరిపే పెన్ను అందిచ్చుకుంట, నా దిక్కు చూడకుండ,
"వేస్టు కాపీలు నీ క్యాంపుకే తీస్కపో."

మూడు వందల దాక ఉండె.

శుక్రవారం పదకొండు మందిమి,
కింద పేపర్లు పరిచి కూసున్నం.
అన్నం, పప్పుచారు, ఎండు చేపలు.
పప్పుచారు పోసుకోబోయిన సాయిలు చెయ్యి
ఒక్క దగ్గర ఆగింది.
ఎవరు రాసిండ్రని అడగలే.
గిన్నె తీసి
కొంచెం పక్కకు పెట్టుకున్నడు.