కరెంటు స్తంభం శ్రుతి

గంటకి ఎనభై వేల తుగ్రిక్కులు.
అక్క నోరు తెరవకముందే చెప్పాను, నేనిస్తానని.
కుట్టుమిషను ముందు రెండు శీతాకాలాలు వంగిన నడుము అది,
నోట్లుగా మారి డబ్బాలో ఉంది.
ఇంట్లో రికార్డు చేస్తే ఏముంటుంది,
కుక్కలుంటాయి, అన్నాను.

ఉలాన్‌బాటర్‌కి ఉత్తరాన కొండవాలు మీద మా గెర్.
గుండ్రటి గుడారపు ఇల్లు,
అలిగి కూర్చోడానికి కూడా మూల లేని ఇల్లు.
పొయ్యిలో బొగ్గు చిటపట, కాసేపాగి మళ్ళీ చిటపట,
పక్కవాళ్ళ నీళ్ళ డబ్బాల బండి
గడ్డకట్టిన దారి మీద కడకడ.

అయినా ప్రయత్నించింది.
రాత్రి రెండింటికి, మెత్తని బొంతలూ నాన్న పాత చలికోటూ
తాళ్ళ మీద వేలాడదీసి
వాటి నడుమ స్టూలు వేసుకుని
మొరిన్ ఖూర్‌ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది.
ఫోను పిండి డబ్బా మీద.
పొయ్యి రాజేస్తే శ్రుతి జారుతుంది,
ఆర్పేస్తే వేళ్ళు కొయ్యబారతాయి.
ఏడోసారి కుదిరింది.
చివరి సాగదీతలో అక్క కొడుకు ఎనెబిష్
నిద్రలో "నా బూటు" అన్నాడు,
చాలా స్పష్టంగా.

అందుకే స్టూడియో.
ఊరి నడుమ, బ్యాంకు కింద, నేలమాళిగలో.
గన్‌జోరిగ్ అనే కుర్రాడు బొంత లాంటి తలుపు మూశాడు.
మూయగానే నా ఊపిరి నాకే
పరాయి మనిషిదిలా వినబడింది.
గోడలకు చెవులుంటాయంటారు.
ఇక్కడ చెవులు తప్ప ఇంకేం లేవు,
ఎంత పోసినా మింగి కూర్చుంటాయి,
ఒక్క ముక్క తిరిగి చెప్పవు.

అక్క తీగ సవరించింది. మళ్ళీ సవరించింది.
అద్దం అవతల గడియారంలో నా నడుము తిరుగుతోంది.
"దులమ్‌సురెన్ గారూ, శ్రుతి పిసరంత ఎక్కువుంది,"
అన్నాడు గన్‌జోరిగ్ మర్యాదగా,
తెర మీద ఆకుపచ్చ ముల్లు చూపించి.
ఎవరింట్లోనో ఉప్పు డబ్బా వెతుక్కుంటున్నట్టు
దాని వైపు చూసింది అక్క.
ముల్లు చెప్పినట్టే తిప్పింది, వాయించింది.
తప్పేమీ లేదు.
గుర్రం ఉంది, నడక ఉంది,
ఎక్కడికెళ్తోందో గుర్రానికి తెలీదు.

అప్పుడడిగింది, విల్లు ఒళ్ళో పెట్టుకుని:
"ఇక్కడ స్తంభం లేదా?"

నాకు అర్థం కావడానికి పట్టింది.
మా కంచె బయట ఇనుప కరెంటు స్తంభం,
దాని నెత్తిన ట్రాన్స్‌ఫార్మరు.
పగలూ రాత్రీ ఒకటే మోత, ముక్కుతో పాడే ముసలాయనలా.
నేను దాన్ని విన్న గుర్తే లేదు,
మా పేటలో ఎవరికీ ఉండదు.
పదకొండేళ్ళుగా అక్క దాన్ని పట్టుకునే వాయిస్తోందట.
నాన్న పోయిన ఏడాదే పాతారు ఆ స్తంభం.
సరిగ్గా ఉందా అని అడగడానికి ఆయన లేడు,
అది ఉంది.

గన్‌జోరిగ్ నవ్వలేదు. మంచివాడు.
యంత్రంలోంచి అలాంటి మోతే తీసి
ఆమె చెవుల్లో పెట్టాడు.
కళ్ళు మూసుకుని కాసేపు విని
"ఇది స్తంభం ఫోటో," అంది అక్క.

మిగిలిన గంటలో నాలుగు పాటలు పూర్తయ్యాయి.
అన్నం వడ్డించుకు తినేంత శుభ్రంగా ఉన్నాయి.
రేడియోకి పంపాల్సినవి అవే, అవే పంపుతాం.
అబద్ధమెందుకు, నాకు బాగానే నచ్చాయి.

బస్సులో నేను మాట్లాడలేదు,
నూట అరవై వేలు, నూట అరవై వేలు.
అక్క కిటికీ మంచు మీద గోటితో ఒక గీత గీసింది,
దాని పక్కన, కొంచెం పైకి, ఇంకొకటి.

ఐదో పాట మిగిలింది, నాన్నది.
ఆ రాత్రి బొంతలు కట్టలేదు, పొయ్యి ఆర్పలేదు.
"బూటంటే అననీ," అంది.
కుక్కల నోళ్ళకి ఎముకలిచ్చే పని నాది.
మైనస్ ముప్పైలో కంచె దగ్గర నిలబడ్డాను,
స్తంభానికి జానెడు దూరంలో చెవి పెట్టి;
ఆనిస్తే చర్మం అంటుకుపోతుంది.
లోపల తీగ లేచింది.
ఏది ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో
నా చెవికి దొరకలేదు.

మధ్యలో మొరిగింది మా కుక్క కాదు.
పక్కవాళ్ళది.
దానికి ఎముక అందలేదు.