ముంగిపిల్లకి వేలివ్వడం

తుపాను వెళ్లిపోయిన మూడోనాడు
మందస అవతల, కూలిన జీడిచెట్టు
వేళ్ల సందున దొరికింది.
అరచెయ్యంత లేదు.
తల్లి లేదు. తడిమన్ను ఉంది,
దాని ముక్కు మీద ఎండిపోతూ.
ఎత్తుకోబోతే
నా చూపుడువేలు గోటిదాకా చీల్చింది.

"పారెయ్యే, ముంగి అది. మనిసికి మరగదు"
అంది దాలమ్మ.
"జీడిసొనకి మనం మరగలేదేటి" అన్నాను,
రక్తం చప్పరిస్తూ.

నూనెడబ్బా సగానికి కోసి, చిల్లులు పొడిచి
అడుగున నేను విప్పిన జాకెట్టు పరిచాను.
ఉతకనిది.
చెమటా, కాల్చిన పిక్కల పొగా ఉన్నది.
రాత్రంతా డబ్బాలో ఒక కత్తెర
చీకటిని కత్తిరిస్తూనే ఉంది.

మొదటివారం నాకది పళ్లు మాత్రమే.
చెంచాతో గుడ్డుసొన పెడితే చెంచాని కరిచేది,
చెంచా ఇనుమని తెలిసి
ఇంకా కోపంగా, పట్టుకున్న చేతిని.
ఎండురొయ్య విసిరితే రొయ్యని వదిలి
విసిరిన వైపు దూకేది.

మా గవరయ్య చీపురు తీశాడు.
"ఒక్కటేస్తే దారికొచ్చేస్తాది."
దారికొచ్చిన వాళ్లని చూశాను నేను.
చెయ్యి లేస్తే చాలు, కళ్లు మూసుకుంటారు.
చీపురు లాక్కుని చూరులో దోపాను.
ఆ రాత్రి ఎవరం మాట్లాడుకోలేదు,
డబ్బా తప్ప.

కరిచినప్పుడు చెయ్యి లాక్కోకూడదు.
లాగితే చిరుగుతుంది,
పైగా అది గెలిచాననుకుంటుంది.
అలాగే ఉంచాలి, పళ్లు దిగిన చోటే.
దాని ముక్కు మీద మెల్లగా ఊదాలి,
పొయ్యి ఊదినట్టు కాదు,
వేడి గంజి ఊదినట్టు.

నా వేళ్లు అందుకు పనికొచ్చాయి.
పద్దెనిమిదేళ్లు పిక్కలు కొట్టిన వేళ్లు,
సొన చిమ్మి చిమ్మి
తోలు మీద తోలు ఊడి
నల్లగా, నున్నగా తేలినవి.
సగం నొప్పి ఎప్పుడో కాలిపోయింది.
మిగిలింది దాని వాటా.

పదకొండోనాడు డబ్బా పడగొట్టి పారిపోయింది.
గోనెలు కదిపాం, పొయ్యి వెనక చూశాం,
కొబ్బరాకుల కుప్ప తిరగేశాం.
నడిరాత్రి తానే వచ్చి
జాకెట్టులో పడుకుంది.
నా దగ్గరికి కాదు, నా వాసన దగ్గరికి.
అదైనా చిన్న సంగతి కాదు.

డిపోలో మిషను నా బొటనవేలిని ఎరగదు.
తుడిచి పెట్టమంటాడు. తడిపి పెట్టమంటాడు.
ఎడమది పెట్టమంటాడు.
"ముద్ర పడ్డం లేదు తవిటమ్మా, రేపు రా."
ఎర్రలైటు. మడిచిన సంచి.
నేను నేనేనని చెప్పడానికి
వెనక వరసలో ఊరంతా నిలబడి ఉంది.
మిషను ఊరిని అడగదు.

ఆ సాయంత్రం కాళ్లు కూడా కడుక్కోకుండా
డబ్బాలో అదే వేలు పెట్టాను.
కరిస్తే కరవనీ అని.
వచ్చింది.
ముక్కు ఆనించి, గోటి చుట్టూ,
కణుపు చుట్టూ, సొన మచ్చల మీదా
ఎవరో పాత ఉత్తరం చదివినట్టు వాసన చూసింది.
నోరు తెరిచింది.
పళ్ల మధ్య నా వేలు పెట్టుకుని
మూయలేదు.
ఆలోచించింది.

ఇప్పటికీ కరుస్తుంది, అబద్ధమెందుకు.
దాలమ్మని ఒకసారి.
తూకంలో పిక్కలు నొక్కేసే కూర్మయ్యని రెండుసార్లు.
నేనేమీ నేర్పలేదు.
చీపురు ఇంకా చూరులోనే ఉంది,
ఇల్లు కొంగుతోనే ఊడుస్తున్నాను అనుకోండి.

సముద్రం వైపు గాలి మారితే
ముందు దానికే తెలుస్తుంది.
వచ్చి నా మోచేతి మడతలో చుట్టుకుని
ఉరుము వినపడగానే
నిద్రలోనే నా వేలు నొక్కుతుంది.

తెల్లారి చూస్తే
బొటనవేలి మీద నాలుగు చిన్న గుంటలు,
వరసగా.

రేపు డిపో తీస్తారు.
అవే పెట్టి చూస్తాను.