అడవిలో సూది

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమట.
ఫారో దీవుల్లో ఆముదమైనా మొలవదు.
గడ్డి, రాయి, గొర్రె, మళ్ళీ గడ్డి.
నాటిన మొక్కని తెల్లారేసరికి గాలి
పక్క దీవికి అప్పజెప్పి వస్తుంది.

అందుకే నవంబర్ చివర్లో
క్లాక్స్‌విక్ రేవు దగ్గర, వలల కొట్టు అటక మీద
మార్యున్ కత్తెరకి సాన పెడుతుంది.
కాడ్ చేపల కోసం ఉత్తరానికి పోయే ఓడలో
పదిహేడు మంది.
క్రిస్మస్ వాళ్ళకి నీళ్ళ మీదే.
తలకొక చెట్టు, జానెడు ఎత్తు.

చినిగిన వానకోటు చేయి, నారింజ రంగుది.
చర్చి హాలు తెర.
యోహిల్డ్ నడుముకి ఇక పట్టని చారల లంగా.
తిమింగలాల బొమ్మలున్న పసిపిల్లల పైజమా.
ముక్కోణాలుగా కత్తిరించి, అంచులు కలిపి,
లోపల గొర్రెబొచ్చు కూరి,
అడుగున కోడిగుడ్డంత గులకరాయి పెట్టి మూసేయాలి.
రాయి లేని చెట్టు మొదటి అలకే కూలుతుంది.
ఏడేళ్ళ రాన్వా డెన్మార్క్ వెళ్ళొచ్చిన రోజున అడిగింది,
అక్కడి చెట్లలో అంతంత రాళ్ళు ఎవరు పెట్టారని.

ఓడ వెళ్ళిన సాయంత్రం
బిల్లా సూదులు లెక్కపెట్టింది.
పదకొండు కూర్చున్నాయి, పది లేచాయి.
పోయింది వాళ్ళమ్మ సూది,
తెరచాపలు కుట్టినది, వేలంత పొడుగు.

బల్లలు జరిపారు. బుట్టలు బోర్లించారు.
సూది కోసం సోదికి పోతే
పాత సంగతులన్నీ బయటపడ్డాయి.
తెర ఎవరూ దానమివ్వలేదు, దించుకొచ్చారు.
ఆకుపచ్చ ఉన్ని ముక్క, పాస్టరు భార్య
బీదలకని ఇచ్చిన కోటు.
లంగా మీది మరక ఎవరి పెళ్ళిలో, ఎవరి గ్లాసుదో
ఇద్దరిని అడిగితే మూడు పేర్లు వచ్చాయి.
పైజమా ముక్క దగ్గర మాత్రం
అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి
ఎవరూ ఏమీ అడగలేదు.
మార్యున్ దాన్ని మడిచి బుట్ట అడుక్కి తోసింది.

గడ్డివాములో సూది అంటాం.
ఇది అడవిలో సూది,
ఆ అడవి ఇప్పుడు బారెంట్స్ సముద్రంలో ఊగుతోంది.

రేడియోలో కబురు పెట్టారు:
చెట్లని గట్టిగా వాటేసుకోవద్దు.
మర్నాడు వంటవాడు త్రోందుర్ గొంతు, గరగరా:
అన్నీ పిసికాం. దొరకలేదు.
రెండో రోజు: మళ్ళీ పిసుకుతున్నాం,
గాలి ఎక్కువ, వల వేసే పని లేదు.

చేపల పొట్టలు చీల్చే చేతులు,
ఒక్కో వేలు మోకులా మందం,
పసిబిడ్డ నాడి చూసినట్టు
గుడ్డచెట్లని తడుముతూ కూర్చున్నాయంటే
అటక మీద ఐదుగురూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.
నాలుగో రోజు రేడియో పలకలేదు.
ఐదో రోజు పలికింది.
తుఫాను. అందరూ బాగున్నారు.
సూది దొరికింది.
ఇంజన్ మనిషి పాంటు చిరిగితే కుట్టేశాం,
ఇప్పుడప్పుడే ఇవ్వం.

ఏప్రిల్‌లో వచ్చింది,
ఒక చెట్టు ఒంట్లో గుచ్చుకుని,
బెజ్జంలో నైలాన్ దారంతో.
ఆ చెట్టు పొట్ట విప్పి మళ్ళీ మూశారు.
కుట్టు కాదది, వలముడి.
ఓడని రేవుకి కట్టేసినా తెగదు.

ఎంత వికారంగా ఉందో అంటూ
మార్యున్ కత్తెర కోసం వెతికింది.
బిల్లా దాని మీద కూర్చుని ఉంది,
కదలకుండా.