అంబలి మరక

కొర్లగుంట మూడో సందులో
ఆరోగ్యమ్మ ఇంట్లో శుక్రవారం ప్రార్థన.
బయట జాతర డప్పులు.
విగ్రహాలకు అర్పించినవాటి గురించిన అధ్యాయం తెరిచాను,
కావాలనే.

గడపలో మునెమ్మ.
పక్కన కొడుకు, ఒళ్ళంతా బొగ్గుపూత, చేతిలో వేపమండ.
చెంబు నిండా రాగంబలి,
పైన తేలుతూ ఎర్రగడ్డ ముక్కలు.
"గంగమ్మకు పోసిందే వదినా,
ఎండ మండిపోతా ఉండాది."

బైబిలు కాలేజీలో దీనికి మూడు జవాబులు రాసుకున్నాను.
ఒక్కదాంట్లోనూ చెంబు లేదు.

ఆరోగ్యమ్మ నా మొహం చూళ్ళేదు.
పోయినేడు ఆమె ఆపరేషనప్పుడు
రుయా ఆసుపత్రి వరండాలో
పదకొండు రాత్రులు పడుకున్నది మునెమ్మే.
సగం తాగి, కొంగుతో మూతి తుడుచుకుని
చెంబు నా వైపు జరిపింది.
"తాగి సదువు నాయినా,
గొంతు పిడచ కట్టుకుపోయుండాది నీకు."

తాగానో లేదో
సంఘపెద్దలకు ఇంకా చెప్పలేదు.

ఆదివారం ప్రసంగానికి తెరిస్తే
ఆ రెండు పేజీలూ అతుక్కునున్నాయి.
గోటితో మెల్లగా విడదీశాను.
ఒక మాట లేచిపోయి
ఎదుటి పేజీకి అంటుకుంది.

గుర్తున్నంతవరకు
చూడకుండానే చదివాను.