సున్నా ఫలితాలు

విజయనగరం కోట వెనక, మేడ మీది గదిలో
ఫ్యాను ఎప్పుడూ రెండో నంబరు మీదే తిరుగుతుంది.
కింద హోటల్లోంచి మాడిన పెసరట్టు వాసన.
ఎదురు కుర్చీలో ఇజ్జిరోతు పైడమ్మ,
జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు,
ఒళ్లో సంచి, సంచిలో నలిగిన పీఎఫ్ చీటీ.

ఇజ్జిరోతు అని కొడితే నలభై ఒక్కరు.
పైడమ్మ అని కొడితే మూడొందల పైన.
రెండూ వరసగా పేర్చి కొటేషన్లలో పెడితే
ఎవరూ లేరు.

"ఇక్కడే కూకున్నాను గదేటి బాబూ" అంది.

మొదట చీటీని అనుమానించాను,
తరవాత టైపు చేసిన కుర్రాణ్ణి,
చెప్పుకోడానికి సిగ్గే గానీ, తరవాత ఆవిణ్ణే.
"మీ పేరు కచ్చితంగా ఇదేనా?"
ఆ చూపు ఏ లాగ్ ఫైల్లోనూ నమోదు కాలేదు.

మూడు దాటాక దొరికింది తప్పు.
రికార్డులు దాచుకునేటప్పుడు యంత్రం
ఇంగ్లీషు పెద్దక్షరాలన్నిటినీ చిన్నవి చేసేసింది.
ఒంటి మాట అడిగితే
దాన్నీ అలాగే చిన్నబుచ్చి వెతుకుతుంది. దొరుకుతుంది.
కొటేషన్లు తగిలించామా,
ప్రశ్న వేరే గుమ్మంలోంచి పోతుంది.
అక్కడ తల వంచమని చెప్పేవాడు లేడు.
నిటారుగా వెళ్లిన పెద్ద ఐ, పెద్ద పి
లోపల తమ ఎత్తువాళ్లెవరూ కనపడక
వట్టి చేతుల్తో తిరిగొచ్చాయి.

"అచ్చరాల్లో కూడా పెద్దోలూ చిన్నోలూ ఉంటారేటి?"
ఇంగ్లీషులో ఉంటారమ్మా.
మన ప పేరు ముందున్నా, తిట్టు మధ్యనున్నా అదే ప.
ఒత్తులు కిందికి వేలాడేది
తక్కువై కాదు, పక్కన చోటు లేక.

"మరి నా పేరు మన అచ్చరాల్తోనే రాసుంటే పోయీది గదా."

దానికి నా దగ్గర ప్యాచ్ లేదు.
ఉన్నదల్లా ఒక్క లైను:
కొటేషన్ల లోపల కూడా, వెతికే ముందు, పెద్దల్ని దించు.

ఫలితం: ఒకటి.
స్పిన్నింగు, రెండో షిఫ్టు, టోకెను 1174.
అంకెల్ని వేలితో తాకి చూసి, వేలు చీరకి తుడుచుకుంది.

"ఇప్పుడు మా ఆయన్ని తియ్యి బాబూ. ఇజ్జిరోతు గవరయ్య."
కొట్టాను. సున్నా.
కొటేషన్లు తీసేసి కొట్టాను. సున్నా.
"మిల్లులో గవర్రాజు అనీవోరు" అంది, కాసేపు ఆలోచించి,
"సూపర్వైజరు మాత్తరం ఒరే అనీవోడు."